1728 నాటి ఒక్క ప్రకటనతో దూరవిద్య మొదలైందంటే ఒప్పుకుంటారా?

పాతకాగితం
బీఎడ్ సెమినార్ కోసం దూరవిద్య చరిత్ర మీద పది పేజీలు రాయాలి. ఏ పుస్తకం తెరిచినా మొదటి పేరా ఒకటే. 1728 మార్చి 20న బోస్టన్ గెజిట్‌లో కేలెబ్ ఫిలిప్స్ అనే ఆయన ప్రకటన వేశాడట. వారం వారం పాఠాలు పంపిస్తాను, పల్లెల్లో ఉన్నవాళ్లు కూడా బోస్టన్‌లో ఉన్నవాళ్లతో సమానంగా షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవచ్చు అన్నాడట. అంతే, దూరవిద్య పుట్టేసింది. మరి ఆ ప్రకటన చూసి ఎవరు చేరారు, రాసి పంపిన అభ్యాసాలు ఎవరు దిద్దారు అని అడిగితే సమాధానం ఉండదు. మా గైడ్‌ని అడిగితే "అందరూ అక్కడే మొదలుపెడతారు, నువ్వూ అక్కడే పెట్టు" అన్నారు. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

మూడోబెంచీ
ప్రకటనే లెక్కయితే నేను ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు నేర్చేసుకున్నట్టే.

లలిత_వి
మీ అనుమానం సరైనదే. పాఠం పంపడం ఒక్కటే అయితే పుస్తకాలు అమ్మేవాడు కూడా దూరవిద్య నడుపుతున్నట్టే కదా. విద్యార్థి రాసింది వెనక్కి రావాలి, దాన్ని ఎవరో ఒకరు చదివి తప్పులు చూపించాలి. అలా చూస్తే నేను ఐజాక్ పిట్‌మన్ దగ్గర మొదలుపెడతాను. 1840, ఇంగ్లండ్‌లో బాత్ పట్టణం. తన షార్ట్‌హ్యాండ్ పద్ధతి మొత్తాన్ని ఒకే కాగితం మీద అచ్చు వేసి పోస్టులో పంపాడు. నేర్చుకునేవాళ్లు బైబిల్ వాక్యాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసి పంపితే దిద్ది తిరిగి పంపేవాడు. మనిషికీ మనిషికీ మధ్య రాకపోకలు కచ్చితంగా ఉన్నాయి. 1843 కల్లా ఇలా దిద్దిపెట్టడానికే ఒక సంఘం ఏర్పడింది.

పోస్టుడబ్బా
లలిత గారు చెప్పిన 1840 అనే ఏడాది ఊరికే రాలేదు. బ్రిటన్‌లో పెన్నీ పోస్టు మొదలైంది ఆ ఏడాదే. అంతకుముందు ఉత్తరం ఖర్చు దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి ఉండేది. పైగా చాలాసార్లు అందుకున్నవాడే కట్టుకోవాలి. ఆ లెక్కన వారానికో అభ్యాసం రాసి పంపించుకుంటే గురువో శిష్యుడో అప్పుల పాలవ్వాల్సిందే. 1840 నుంచి దేశంలో ఏ మూలకైనా అర ఔన్సు లోపు ఉత్తరానికి ఒక్క పెన్నీ, అదీ పంపేవాడే ముందుగా కట్టాలి. నన్నడిగితే దూరవిద్యకు అసలు తండ్రి పిట్‌మన్ కాదు, తపాలా సంస్కరణ తెచ్చిన రోలండ్ హిల్.

ఇంకోటి. పిట్‌మన్ 1840లో పోస్టుకార్డుల మీద పాఠాలు పంపాడని చాలా చోట్ల రాస్తారు. మీ సెమినార్‌లో అది మాత్రం రాయకండి. పోస్టుకార్డు అనేదే 1869లో ఆస్ట్రియా-హంగరీలో వచ్చింది, బ్రిటన్‌లోకి 1870లో.

మూడోబెంచీ
పోస్టుడబ్బా అన్న పేరుకు ఇన్నాళ్లకి న్యాయం జరిగింది.

గణితంసారు
ఇది షార్ట్‌హ్యాండ్‌కి సరిపోతుంది. గీతలు సరిగ్గా పడ్డాయా లేదా చూస్తే చాలు. చదువంటే అంతేనా? లెక్కల్లో పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో వాడి మొహం చూస్తే తెలుస్తుంది, కవర్లో వచ్చిన కాగితం చూస్తే తెలియదు. ఈ పద్ధతి మొదటి నుంచీ రెండో తరగతి ఏర్పాటే. కాలేజీకి వెళ్లలేనివాడికి ఇచ్చే ఓదార్పు.

సాయంసంధ్య
సారూ, కాలేజీకి వెళ్లలేనివాళ్లే కదండీ ఎక్కువ మంది. నేను షిఫ్టు డ్యూటీ చేస్తూ దూరవిద్యలో డిగ్రీ చదివాను. మీరన్న మాటలో కొంత నిజం ఉంది. మా అసైన్‌మెంట్లు చాలావరకు మార్కు ఒక్కటి వేసి తిరిగొచ్చేవి. ఎందుకు తగ్గిందో రాసేవాళ్లు కాదు. కొన్నయితే తిరిగి రానే లేదు. కానీ ఒక్క పేపరు దిద్దిన మేడమ్ మాత్రం మార్జిన్ నిండా ఎర్ర ఇంకుతో రాసేవారు. ఆవిడని కాంటాక్టు క్లాసులో కూడా చూడలేదు. నాకు ఆ డిగ్రీలో గుర్తున్న సబ్జెక్టు అదొక్కటే. మొహం చూస్తేనే తెలుస్తుందంటే నేనొప్పుకోను.

లలిత_వి
సాయంసంధ్య గారి మేడమ్ లాంటివాళ్ల మీద నడిచిన సంస్థ ఒకటుంది. 1873లో బోస్టన్‌లో ఆనా ఎలియట్ టిక్నర్ స్థాపించింది. ఇంట్లో చదువును ప్రోత్సహించే సంఘం. ఉన్నత విద్య తలుపులు ఆడవాళ్లకు దాదాపు మూసి ఉన్న కాలం. చదువు చెప్పేవాళ్లు, నేర్చుకునేవాళ్లు దాదాపు అందరూ స్త్రీలే. చెప్పేవాళ్లు జీతం లేకుండా నెల నెలా ఒక్కో విద్యార్థినికీ విడిగా ఉత్తరాలు రాసేవాళ్లు. పుస్తకాలు కూడా పోస్టులోనే అరువు ఇచ్చేవాళ్లు. ఎంఐటీలో చదివిన తొలి మహిళ ఎలెన్ స్వాలో రిచర్డ్స్ అందులో సైన్సు విభాగం చూసుకుంది. ఏడు వేల మందికి పైగా చదువుకున్నారు. 1896లో టిక్నర్ పోయాక మరుసటి ఏడాదే సంఘం మూతపడింది. డిగ్రీ లేదు, ఫీజు నామమాత్రం. మనవాళ్లు రాసే చరిత్రల్లో దీనికి ఒక్క వాక్యం ఇస్తారు. ఫిలిప్స్ ప్రకటనకి ఒక పేరా ఇస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

పాతకాగితం
మేడమ్, ఇది నేను ఒక పేజీ రాస్తాను, ఖాయం. మరి డిగ్రీ ఇచ్చే దూరవిద్య ఎప్పుడొచ్చింది?

అర్ధవిరామం
లండన్ యూనివర్సిటీ, 1858. కొత్త చార్టర్ వచ్చాక ఏ కాలేజీలో చేరకపోయినా పరీక్ష రాసి డిగ్రీ తీసుకోవచ్చన్నారు, వైద్యం తప్ప. మన భాషలో ప్రైవేటుగా కట్టడం. 1878లో స్త్రీలకూ డిగ్రీలు ఇవ్వడానికి ఒప్పుకుంది. బ్రిటన్‌లో అదే మొదటిది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. యూనివర్సిటీ పరీక్ష పెట్టింది, అంతే. చదువు చెప్పే బాధ్యత దానిది కాదు. ఆ ఖాళీలోకి వ్యాపారులు దిగారు. 1887లో విలియం బ్రిగ్స్ అనే ఆయన యూనివర్సిటీ కరస్పాండెన్స్ కాలేజీ పెట్టాడు. లండన్ పరీక్షలకు పోస్టులో కోచింగ్ అన్నమాట. అక్కడ బయాలజీ చెప్పిన ట్యూటర్లలో హెచ్.జి. వెల్స్ ఒకడు. తర్వాత నవలలు రాసి పేరు తెచ్చుకున్న ఆయనే. పరీక్ష ఒకరిది, కోచింగ్ ఇంకొకరిది అనే పద్ధతికి నూట ముప్ఫై ఏళ్లు దాటాయి.

మూడోబెంచీ
టైమ్ మెషీన్ కనిపెట్టింది అందుకేనేమో. పరీక్షకి ముందురోజు రాత్రికి వెళ్లడానికి.

అర్ధవిరామం
గాంధీ గారు లా చదువుతూనే లండన్ మెట్రిక్యులేషన్ రాశారు. మొదటిసారి లాటిన్‌లో తప్పారు, 1890లో రెండోసారికి గట్టెక్కారు. సప్లిమెంటరీ రాసేవాళ్లకి ధైర్యం చెప్పడానికి పనికొస్తుంది.

గణితంసారు
నేనన్నదాన్నే మీరు బలపరుస్తున్నారు. పరీక్ష ఒక చోట, చదువు ఒక చోట, మధ్యలో వ్యాపారం. ఇందులో ఎంతమంది మోసపోయారో కూడా రాయమనండి ఆ అబ్బాయిని.

పోస్టుడబ్బా
అది తప్పకుండా రాయాలి. అమెరికాలో థామస్ ఫాస్టర్ కథ మంచిగానే మొదలవుతుంది. పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో ప్రమాదాలు, ఫోర్‌మన్ కావాలంటే రాయాల్సిన పరీక్షలు, కూలి పనుల్లోంచి పైకి రావాలనుకునే వలస కార్మికులు. గని పత్రిక నడిపే ఫాస్టర్ 1891లో స్క్రాంటన్ నుంచి గనుల భద్రత మీద కరస్పాండెన్స్ కోర్సు మొదలుపెట్టాడు. అదే పెరిగి ఇంటర్నేషనల్ కరస్పాండెన్స్ స్కూల్స్ అయింది. లక్షల మంది చేరారు. ఊరూరా ఏజెంట్లు, వాయిదాల్లో ఫీజు. చేరినవాళ్లలో పూర్తి చేసినవాళ్లు మాత్రం చాలా కొద్దిమంది.

ఈ ధోరణి ముదిరి ఎక్కడికి పోయిందో చూడాలంటే 1970కి రండి. పేరున్న రచయితలే మీ రచనలు దిద్దుతారన్నట్టు ప్రకటనలిచ్చే ఒక కరస్పాండెన్స్ స్కూలు గురించి జెస్సికా మిట్‌ఫర్డ్ పత్రికలో వ్యాసం రాసింది. ఫొటోల్లో ఉన్న ప్రముఖులెవరూ విద్యార్థుల కాగితాలు ముట్టుకోరని వాళ్ల నోటితోనే చెప్పించింది. ఫీజు కట్టి మధ్యలో మానేసేవాళ్ల వల్లే సంస్థకు లాభం. మానేసినవాడి కాగితాలు దిద్దక్కర్లేదు కదా. రెండేళ్లలో ఆ స్కూలు దివాలా తీసింది.

కొత్తనీరు
మీరంతా పోస్టు దగ్గరే ఆగిపోయారు. అసలు విప్లవం 2011. స్టాన్‌ఫర్డ్‌లో సెబాస్టియన్ త్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ కోర్సుని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే లక్షా అరవై వేల మంది చేరారు. 2012లో కోర్సెరా, యుడాసిటీ, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలు వరసపెట్టి వచ్చాయి. ఇంత మందికి ఒకేసారి పాఠం చెప్పడం చరిత్రలో ఎప్పుడైనా జరిగిందా?

రేడియోపిచ్చి
జరిగింది. 1937లో షికాగోలో పోలియో వ్యాపించి బడులు తెరవలేదు. మూడు లక్షల పైచిలుకు పిల్లలకు రేడియోలో పాఠాలు చెప్పారు. స్థానిక స్టేషన్లు సమయం ఉచితంగా ఇచ్చాయి. ఏ తరగతికి ఏ సబ్జెక్టు ఏ స్టేషన్‌లో ఎన్నింటికో ముందే పేపర్లో వేసేవాళ్లు. పాఠం పావుగంట. తల్లిదండ్రులు ఫోన్ చేసి అడగడానికి టీచర్లను కూర్చోబెట్టారు. ఇంట్లో రేడియో లేనివాడు ఏం చేయాలి, సిగ్నల్ సరిగా రాకపోతే ఏం చేయాలి, పాఠం మరీ వేగంగా పోతోంది. ఫిర్యాదులు చదివితే 2020లో మనం విన్నవే.

కొత్తనీరు
అది కొన్ని వారాల సర్దుబాటు. నేనంటున్నది శాశ్వతంగా వచ్చిన మార్పు గురించి.

అర్ధవిరామం
ఆ లక్షా అరవై వేల మందిలో చివరిదాకా నిలిచింది సుమారు ఇరవై మూడు వేల మంది. అందులో మీరున్నారా?

కొత్తనీరు
నేను వేరే కోర్సుల్లో ఉన్నాను. చాలా కోర్సుల్లో. ఉన్నాను అంటే లాగిన్ ఉంది.

మూడోబెంచీ
ఫాస్టర్ గారు పైనుంచి చూసి నవ్వుకుంటున్నారు.

రేడియోపిచ్చి
రేడియో అంటే ఒకవైపు నుంచే అనుకుంటారు గానీ అలా లేని చోట్లు రెండున్నాయి, అవి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

ఆస్ట్రేలియా నడిబొడ్డున పశువుల క్షేత్రాలు. ఇల్లూ ఇల్లూ మధ్య వందల కిలోమీటర్లు. అక్కడి పిల్లలకు పోస్టులో పాఠాలు అప్పటికే వెళ్తున్నాయి. విమానంలో వచ్చి వైద్యం చేసే ఎగిరే డాక్టర్ల సేవ కోసం ఆల్ఫ్రెడ్ ట్రేగర్ చేసిన పెడల్ రేడియో కూడా ఇళ్లలో ఉంది. సైకిల్ తొక్కినట్టు తొక్కుతూ మాట్లాడాలి. ఆ నెట్‌వర్కునే పాఠాలకు వాడదామని అడిలేడ్ మీత్కె అనే విద్యాధికారికి ఆలోచన వచ్చింది. ఆ ఇళ్లలో పిల్లలు తోటి పిల్లలు లేక బొత్తిగా బిడియంగా పెరుగుతున్నారని ఆమె గమనించింది. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో గాలిలో బడి మొదలైంది. పిల్లవాడు మైకు తీసుకుని సందేహం అడిగితే మిగతా క్షేత్రాల్లో ఉన్న పిల్లలందరికీ వినపడుతుంది. గణితంసారు గారూ, మొహం కనపడదు, నిజమే. గొంతు తడబడటం వినపడుతుంది.

రెండోది కొలంబియాలో సుతతెన్సా అనే పల్లె. 1947లో హోసే హోకిన్ సల్సేదో అనే కుర్ర పాస్టర్ చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి రైతులకు చదవడం రాయడం నేర్పించాడు. ప్రతి పాఠానికీ ఎదురుగా అక్షరం వచ్చిన ఒక మనిషి ఉండేవాడు. రేడియో పెట్టి, పొరుగువాళ్లను పోగేసి, రేడియోలో గొంతు చెప్పినట్టు బోర్డు మీద రాసి చూపించేవాడు. అది నలభై ఏళ్లకు పైగా నడిచింది. ఆ మనిషి లేకుండా ఒట్టి రేడియోతో నడిచేదని నేననుకోను.

పోస్టుడబ్బా
సల్సేదో కాథలిక్ ఫాదర్, పాస్టర్ కాదు. మిగతాదంతా బాగుంది.

రేడియోపిచ్చి
సరే, ఫాదరే.

గణితంసారు
గాలిలో బడి నచ్చింది. కానీ అది చిన్న తరగతులకు. డిగ్రీ స్థాయి సైన్సు ఇంట్లో కూర్చుని ఎలా? ప్రయోగశాల పోస్టులో వస్తుందా?

లలిత_వి
వచ్చింది సార్. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ సైన్సు విద్యార్థుల ఇళ్లకు ప్రయోగాల పెట్టెలు పంపేది. అందులో చేతిలో పట్టేంత ప్లాస్టిక్ మైక్రోస్కోపు కూడా ఉండేది. కోర్సు అయ్యాక పెట్టె తిరిగి పంపాలి. ఎండాకాలంలో వేరే యూనివర్సిటీల క్యాంపస్‌లలో వారం రోజుల సమ్మర్ స్కూల్, అక్కడ నిజమైన ల్యాబు.

దాని కథ మొత్తం చెప్పాలి. 1963లో గ్లాస్గోలో హెరల్డ్ విల్సన్ గాలిలో విశ్వవిద్యాలయం అంటూ ప్రసంగించాడు. అప్పటికి ప్రతిపక్ష నాయకుడు. ప్రధాని అయ్యాక ఆ పని జెన్నీ లీకి అప్పగించాడు. ఆమె స్కాట్లండ్ గని కార్మికుడి కూతురు. ఒక్క మాట మీద గట్టిగా నిలబడింది. ప్రవేశానికి అర్హతలేవీ అడగకూడదు, డిగ్రీ మాత్రం మిగతా యూనివర్సిటీల డిగ్రీకి వెంట్రుకవాసి కూడా తగ్గకూడదు. ప్రతిపక్షంలో ఇయన్ మెక్లియోడ్ దాన్ని పిచ్చి వాగుడని కొట్టిపారేశాడు. 1969లో చార్టర్, 1971 జనవరిలో తరగతులు. మొదటి ఏడాదే ఇరవై నాలుగు వేల మందికి పైగా.

పోస్టుడబ్బా
తరగతులు మొదలైన ఆ జనవరిలోనే బ్రిటన్‌లో తపాలా ఉద్యోగులు సమ్మెకు దిగారు. మార్చి దాకా సాగింది. పోస్టు మీద బతికే యూనివర్సిటీకి మొదటి టర్మ్‌లోనే పోస్టు లేదు!

అమ్మకూచి
అయ్యో. మెటీరియల్ లేటయితేనే మా ఇంట్లో యుద్ధం జరిగేది. మా అమ్మ మేం స్కూలుకి వెళ్లే వయసులో ఓపెన్ డిగ్రీ కట్టింది. మేం హోమ్‌వర్క్ చేసే బల్ల మీదే అసైన్‌మెంట్లు రాసేది. తర్వాత నేను రెగ్యులర్ కాలేజీలో అదే సబ్జెక్టు చదివినప్పుడు మా లెక్చరర్ నోట్సు కన్నా అమ్మ పుస్తకాలే బాగా అర్థమయ్యాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉండేవి. మధ్యలో ఆపి "ఇప్పుడు ఈ ప్రశ్నకు సమాధానం రాసి చూడండి" అనేవి.

లలిత_వి
అమ్మకూచి గారూ, అది కావాలని అలా రాసిందే. స్వీడన్‌కి చెందిన బోర్యే హోల్మ్‌బర్గ్ దూరవిద్య పాఠం సంభాషణలా ఉండాలని వాదించాడు. జర్మనీలో ఒట్టో పీటర్స్ ఇంకో వైపు నుంచి చూశాడు. ఒకరు పాఠం రాస్తారు, ఇంకొకరు అచ్చు చూస్తారు, మరొకరు దిద్దుతారు, కాబట్టి ఇది ఫ్యాక్టరీలా పనిని ముక్కలు చేసిన చదువన్నాడు. తిట్టడానికి కాదు, అది నడిచే తీరు అదే అని. ఆయనే తర్వాత హాగెన్‌లోని దూరవిద్యా విశ్వవిద్యాలయం ఫెర్న్ యూనివర్సిటీకి తొలి రెక్టర్, అంటే అధిపతి, అయ్యాడు. పాతకాగితం గారు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెడితే సెమినార్‌లో ప్రశ్నలు బాగా వస్తాయి.

పాతకాగితం
ప్రశ్నలు రావడం నాకు మంచిదో కాదో మరి. ఓపెన్ యూనివర్సిటీ తర్వాత మిగతా దేశాల సంగతి?

అర్ధవిరామం
చకచకా చెప్పేస్తా. స్పెయిన్‌లో 1972, పాకిస్తాన్‌లో, జర్మనీలో 1974, థాయ్‌లాండ్‌లో 1978, చైనా రేడియో టీవీ విశ్వవిద్యాలయం 1979. మన దేశంలో 1962లో ఢిల్లీ యూనివర్సిటీ కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో వచ్చింది. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్నదే. ఇగ్నో 1985. దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం యూనిసా వీటన్నిటికన్నా ముందు, 1946లోనే పోస్టులో బోధించడం మొదలుపెట్టింది. నెల్సన్ మండేలా రాబెన్ ద్వీపం జైల్లో లండన్ లా డిగ్రీకి చదివాడు. రహస్యంగా రాస్తున్న ఆత్మకథ కాగితాలు దొరికాయని నాలుగేళ్లు చదువుకునే అనుమతి తీసేశారు. చివరికి ఎల్‌ఎల్‌బీ 1989లో యూనిసా నుంచి వచ్చింది, అప్పటికీ జైల్లోనే.

రేడియోపిచ్చి
మన దేశంలో 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నడిచిన సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగాన్ని వదిలేశారు. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు. ఏడాది అయ్యాక ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకున్నారు, కార్యక్రమం ఆగిపోయింది. సొంత ఉపగ్రహం ఎందుకు కావాలో అప్పుడు బాగా తెలిసొచ్చి ఉంటుంది.

కొత్తనీరు
సరే, సంఖ్యల విషయంలో ఆగుతాను. కానీ మధ్యలో మానేయడం అన్ని చోట్లా ఉందంటున్నారు కదా, ఎక్కడైనా తగ్గించగలిగారా? ఉత్తరాలు రాస్తే చివరిదాకా నిలుస్తారు, ట్యూటర్ ఉంటే నిలుస్తారు అంటున్నారు. అవన్నీ చెప్పేవాళ్ల వైపు నుంచి. నాకు కోర్సు బాగానే ఉంటుంది, టైమే ఉండదు.

లలిత_వి
అది మంచి ప్రశ్న. చదివేవాడి సమయం గురించి ఆలోచించిన చోటు సోవియట్ యూనియన్. 1960ల్లో అక్కడ ఉన్నత విద్యలో ఉన్నవాళ్లలో సగానికి పైగా సాయంకాలం తరగతుల వాళ్లు, కరస్పాండెన్స్ వాళ్లే. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు పరీక్షల కోసం జీతంతో సెలవు చట్టంలోనే ఉండేది. అక్కడా మానేసేవాళ్లు మానేశారు, చదువు నాణ్యత మీద విమర్శలూ ఉన్నాయి. కానీ భారమంతా చదివేవాడి నెత్తినే వేయకుండా యజమాని మీద కూడా కొంత పెట్టారు.

గణితంసారు
అబ్బాయ్ పాతకాగితం, ఈ సెలవు సంగతి రాయి. నేను బడిలో పనిచేస్తూ పీజీ చేసినప్పుడు ఇది ఉంటే బాగుండేది.

మూడోబెంచీ
సారూ!! మీరు పీజీ దూరవిద్యలో చేశారా?

గణితంసారు
ప్రైవేటుగా కట్టాను. అది వేరు.

మూడోబెంచీ
1858 నుంచీ వేరే సార్.

సాయంసంధ్య
జీతంతో సెలవు అనగానే కడుపు మండింది. నేను ఫైనలియర్ పరీక్షలకి సెలవడిగితే మా సూపర్‌వైజర్ "నీ డిగ్రీ వల్ల మన లైనుకేం ఒరుగుతుంది" అన్నాడు. నైట్ షిఫ్టులు మార్పించుకుని రాశాను. రిజల్ట్ వచ్చాక వాళ్లబ్బాయికి ఏ కోర్సు మంచిదో కనుక్కోవడానికి నా దగ్గరికే వచ్చాడు.